మేక నేర్పిన నడక

ఒమాన్‌లోని సీబ్‌లో ఒకసారి ఒక జంతువు నన్ను ఎయిర్‌పోర్టు దాకా ఈడ్చుకుపోయింది. విమానాలు నా నెత్తి మీదుగా దిగుతున్నాయి, చెప్పులు ఎక్కడో వెనక ఉండిపోయాయి, అరబ్బులు కార్లు ఆపి మరీ చూస్తున్నారు. ఈ మాట చాలామందికి చెప్పాను, అందరూ నమ్మారు. ఇప్పుడు రాతలో పెడుతున్నాను గనుక కాస్త తగ్గించుకోవాలి. ఎయిర్‌పోర్టు దాకా కాదు, వీధి చివర చెత్తడబ్బా దాకా. కారు ఆపినవాడు ఒక్కడే, వాడూ దారి అడగడానికి ఆపాడు. ఆ జంతువు కుక్కపిల్ల. చెప్పులు పోయిన మాట మాత్రం నిజం.

ఎనభైల చివర్లో నేనక్కడ ఒక విల్లాలో తోటపని చేసేవాణ్ణి. ఇంటివాళ్లు తెల్లవాళ్లు, భార్యాభర్తలిద్దరే. వంటకు కడప నుంచి వచ్చిన భాయ్ ఒకడు. అతనూ నేనూ గోడవారనున్న ఒకే రూమ్‌లో ఉండేవాళ్లం. నేను కరీంనగర్ వైపు నుంచి వచ్చి రెండేళ్లు కావస్తోంది. నేను విమానమెక్కాక పుట్టిన నా బిడ్డ నడుస్తోందని ఇంటినుంచి మాటలు రికార్డు చేసిన టేపు వచ్చింది. అందులో మా ఆవిడ మాటల వెనకాల గజ్జెల చప్పుడు, తర్వాత ధబ్బుమని పడ్డ చప్పుడు, మళ్లీ గజ్జెలు. అది విన్నాక ఉండబట్టలేక సెలవు అడిగాను.

మేడం మంచిదే. కాని అప్పుడే ఆ కుక్కపిల్లను తెచ్చుకున్నారు, ఆమెకేమో మోకాలి నొప్పి. "ఇది మెడకు కట్టిన పట్టీ లాక్కుండా నడవడం నేర్చుకుంటే నేనే తిప్పుకుంటాను, నువ్వు ఇంటికి పో. ఇట్లా లాగితే మాత్రం నేను కింద పడతాను. మేం వచ్చేలోపు నేర్పించు" అంది, సగం ఇంగ్లీషులో, సగం హిందీలో. తర్వాత వాళ్లు నెల రోజులకని తమ దేశం వెళ్లారు. నా సెలవు కుక్క మెడలో పడింది.

మా ఊళ్లో కుక్కకు బెల్టు కట్టి తిప్పిన మనిషిని నేను చూడలేదు. కుక్కలు వాటంతటవే వచ్చేవి, వాటంతటవే పోయేవి. నాకు తెలిసినవి ఎద్దులు. ఎద్దును వెనక నుంచి తోలుతాం. కనుక పట్టీ పట్టుకుని కుక్కపిల్ల వెనకాల నిలబడి, నాలుకతో టక్ టక్‌మని అదిలించాను. అది వెనక్కి తిరిగి నా మొహం చూస్తూ కూర్చుంది. నేను మళ్లీ వెనక్కి పోయాను, అదీ మళ్లీ తిరిగింది. ఇద్దరం అట్లా గిరగిరా తిరగ్గా తిరగ్గా, పట్టీ కాళ్లకు చుట్టుకుని పూలకుండీ మీద పడ్డాను.

వంటింటి కిటికీలోంచి భాయ్ తొంగిచూశాడు. "ఏంన్నా, కుక్కతో మడి దున్నిస్తాండావా?"

"నవ్వింది చాలు గని, నువ్వొచ్చి జర పట్టరాదు?"

"నమాజు చేసుకునేవాణ్ణి, దాన్ని ముట్టుకుంటే మళ్లా కడుక్కోవాల. నువ్వు కానీ. నీ కూతురి పెండ్లి నాటికన్నా పోతావులే."

ఆ మాటకు నాకు ఆ పూట ముద్ద దిగలేదు. అంటే, రెండోసారి వడ్డించుకోలేదు.

ఆలోచన కూడా ఆ కంచం ముందే తట్టింది. కోడెకు కాడి అలవాటు చేసేటప్పుడు కొత్తదాన్ని కొత్తదానితో కట్టం. ఆరితేరిన ముసలి ఎద్దుతో జతకడతాం. చెప్పాల్సిందంతా ముసలిదే చెప్పుకుంటుంది. మరి సీబ్‌లో ముసలి ఎద్దును ఎక్కడ తెచ్చేది?

పక్కింటి ఒమానీ ముసలమ్మకు ఒక మేక ఉండేది. పొద్దున తలుపు తీస్తే వీధంతా తిరిగి తనే ఇంటికొచ్చే మేక. కారు హారన్ కొడితే, కారే పక్కకు పోవాలి. వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలతో, మిగతాది చేతులతో, ముసలమ్మను అడిగాను. ఆమె కుక్కపిల్లను చూసింది, మేకను చూసింది, నన్ను ఇంకాసేపు చూసింది. "మజ్నూన్" అంది, పిచ్చివాడని. తర్వాత "మాఫీ ముష్కిల్" అంది, ఫర్వాలేదు తీసుకుపొమ్మని.

రెండింటి మెడలకూ మధ్య మూరెడు తాడు కట్టి, పట్టీ నేను పట్టుకున్నాను. కుక్కపిల్ల లాగింది, మేకకు ఆ సంగతే తెలియలేదు. కుక్కపిల్ల కూర్చుంది, మేక నడుస్తూనే ఉంది. కూర్చున్నది చచ్చినట్టు లేచింది. కొన్నాళ్లకు మధ్య తాడు విప్పేసినా మేక పక్కనే బుద్ధిగా నడిచేది. ఒమాన్‌లో కుక్కల బడి నడిపానని తర్వాత ఊళ్లో చెప్పుకున్నాను. నడిపిన మాట నిజమే. పంతులు మేక, నేను గంట కొట్టేవాణ్ణి.

మేడం వచ్చిన సాయంత్రమే పట్టీ చేతికి తీసుకుంది. మేక సంగతి నేను చెప్పలేదు. కుక్కపిల్ల గేటు దాకా దర్జాగా నడిచి, పక్కింటి తలుపు వైపు చూస్తూ కూలబడింది. మేడం పిలిచింది, బతిమాలింది. చివరికి అది లేచి, వెనక కాళ్ల మీద నిలబడి గోడ మీది కాగితంపూల కొమ్మ అందుకుని నమలసాగింది.

"ఇదేం చేస్తోంది?" అంది మేడం.

వెనక నుంచి భాయ్ సన్నగా అన్నాడు, "చెప్పున్నా, పంతులు బడికి రాలేదని."

టేపులోని గజ్జెల చప్పుడు నాకు దూరమైపోతున్నట్టే ఉంది. ఇక చేసేదేం లేక పోయి పక్కింటి తలుపు కొట్టాను. మేక బయటికొచ్చింది, మమ్మల్ని లెక్కచేయకుండా తన దారిన నడిచింది. కుక్కపిల్ల కొమ్మ వదిలేసి దాని పక్కన చేరింది. పట్టీ వదులుగా వేలాడుతుండగా మేడం వీధి చివర దాకా పోయి, మోకాలు పట్టుకోకుండా తిరిగొచ్చింది.

"ఈ మేక రోజూ వస్తుందా?"

"రోజూ, మేడం."

"సెలవు అడగదా?"

"అడగదు, మేడం."

"అయితే నువ్వు పో."

నేను ఇంటి గడపలో అడుగు పెట్టగానే నా బిడ్డ పరుగెత్తుకొచ్చి మెడను చుట్టేసుకుంది. ఇది కూడా చాలామంది నమ్మారు. నిజానికి నా మీసాలు చూసి వాళ్లమ్మ చీరలో దూరి ఏడ్చింది. బిస్కెట్లకు రాలేదు, బొమ్మకు రాలేదు. చివరికి పక్కింటి మేకపిల్లను తెచ్చి నా పక్కన నిలబెట్టుకుని కూర్చున్నాను.

"కన్నబిడ్డను పిల్వనీకి మేకపిల్లనా?" అంది మా ఆవిడ. "రెండేండ్లు గక్కడ నేర్సుకున్నది గిదేనా?"

గజ్జెలు మోగించుకుంటూ బిడ్డ వచ్చింది, మేకపిల్ల చెవి పట్టుకుంది, నా మోకాలికి ఆనుకుని నిలబడింది. ఆ రోజే వచ్చిందని అందరికీ చెబుతుంటాను. వారం పట్టింది. అదీ నాకోసం కాదు, మేకపిల్ల కోసమే. నేను కదలకుండా కూర్చున్నాను.