అవతలి గొంతు

మా ఎంపీగారు గోపాలపట్నంలో కార్పొరేటర్‌గా ఉన్నప్పుడు, పని అడిగినవాళ్లను స్కూటరెక్కించుకుని ఆఫీసుకు తీసుకెళ్లేవారు. పార్లమెంటుకు గెలిచాక స్కూటరు పోయి ఫోను వచ్చింది. ఎవరొచ్చినా వాళ్ల ముందే నంబరు నొక్కి స్పీకర్‌లో పెట్టేవారు.

"ఎంపీని మాటాడతన్నాను. ఈయన మనోడు. పనైపోవాల."

"అయిపోద్ది సార్," అనేది అవతలి గొంతు, ఎంతో వినయంగా.

ఆ గొంతు నాది. పక్క గదిలో కూర్చునే పీఏని. ఏ అధికారి కావాలంటే ఆ అధికారినయ్యేవాణ్ణి. మనుషుల్ని సంతోషంగానే పంపిస్తున్నాం కదా అని సర్దిచెప్పుకునేవాణ్ణి.

ఒకరోజు దువ్వాడ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఫ్యాక్టరీకి పొలం ఇచ్చిన కుటుంబం. కొడుక్కి ఇస్తామన్న ఉద్యోగం ఇంకా రాలేదు, ఈ ఏడు దాటితే వయసు మీరిపోతుంది. ఎంపీగారు ఫోను చేశారు, నేను మాట ఇచ్చాను. పెద్దాయన సంబరంగా బయటికి వెళ్లబోయి, పొరపాటున నా గది తలుపు తోశాడు. నేనింకా ఫోను చెవి దగ్గరే పెట్టుకుని "అలాగే సార్" అంటున్నాను.

ఆయన నన్నూ, నా చేతిలో ఫోన్నీ చూశాడు. కోప్పడలేదు. ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు.

"ఆఫీసరువి నువ్వేనేటి నాయనా? మంచిదే. మరి ఉద్యోగం ఇప్పించు, కూకుంటాను."

ఇంతలో నా ఫోను మళ్లీ మోగింది. ఎంపీగారి దగ్గరికి ఇంకెవరో వచ్చినట్టున్నారు.

"ఎత్తు," అన్నాడు పెద్దాయన. "ఆడూ ఆశతోనే వొచ్చుంటాడు."

ఎత్తాను. "అయిపోద్ది సార్," అన్నాను.