పదిహేడు అంగుళాల సర్పి

అమ్మకు కుడి పక్కటెముకల కింద మంట మొదలైనప్పుడు గ్యాస్ అనుకుని సోడా తాగించాను. కోదాడలో జాకెట్లు కుట్టుకుని బతికేదాన్ని. పెళ్లిళ్ల సీజన్‌లో నాకు అన్ని రోగాలూ గ్యాస్‌లాగే కనిపిస్తాయి. మూడో రోజుకు వీపు నుంచి బొడ్డు దాకా, ఒక్క పక్కనే, ఎర్రగా కమిలి నీటి పొక్కులు గుత్తులు గుత్తులుగా లేచాయి.

"సర్పి," అంది అమ్మ నిదానంగా. "నడుం సుట్టూ తిరిగి తలా తోకా కలిసినయనుకో, ఇగ ఖతం. టేపు తే."

వెన్నుపూస నుంచి బొడ్డు దాకా కొలిచాను. పదిహేడు అంగుళాలు. నడుము ముప్పై నాలుగు.

"ఇంక సగం ఉన్నది," అంది, పొక్కుల మీద ఎర్రజాజు మట్టి పూసుకుంటూ. దవాఖానకు పోదామంటే "కలవనీ, అప్పుడు పోదాం" అంది. కలిశాక పోయి ఏం చేస్తామో నేనూ అడగలేదు. చేతిలో ఆరు జాకెట్లున్నాయి.

రోజూ పొద్దున్నే కొలత. పదిహేడు. మర్నాడూ పదిహేడే. కొంగు తగిలినా అమ్మ "అమ్మో" అని అరుస్తోంది. నేనేమో "పెరగలేదమ్మా, ఆగింది" అని మెషిన్ ముందు కూర్చుంటున్నాను. ఇరవై ఏళ్లలో టేపు నన్నెప్పుడూ మోసం చేయలేదు మరి. పొక్కులు లేచిన ఆరో రోజు అమ్మ అన్నం ముద్ద చేతిలో పట్టుకుని ఏడ్చింది. అప్పుడు భయమేసి సూర్యాపేట బస్సెక్కించాను.

"ఎన్ని రోజులైందమ్మా?" అన్నాడు చర్మ డాక్టరు.

"నిన్న పొద్దుగాలనే సారూ," అంది అమ్మ, కన్నార్పకుండా.

"ఆరు రోజులు సార్," అన్నాను. "పెరుగుతలేదని ఆగినం. రోజూ కొలిసిన."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "ఇది ఒక్క నరం పొంటి వస్తదమ్మా, ఒంటి నడిమి గీత దాటదు. ఏడాది కొలిసినా గంతే ఉంటది. మూడు రోజుల్లోపు గోళీలు మొదలుపెట్టాల్సింది. ఇప్పుడిస్త, కానీ పుండ్లు మానినా నొప్పి ఉండొచ్చు."

సిగ్గుతో చచ్చాను. బయటికి రాగానే అమ్మ నా మీద ఎగిరింది. "నిన్ననే అన్న కదనే! నోరు మూసుకోరాదూ? నువ్వు మాట పడితే నా మంట సల్లారుతదా?"

పొక్కులు మానాయి. మంట మానలేదు, ఎనిమిది నెలలైంది. కుడి పక్క కుట్టు తగలకుండా వదులు జాకెట్లు కుట్టి ఇస్తే, అవీ తీసి పక్కన పెడుతుంది. ఎవరైనా పలకరించడానికి వస్తే మాత్రం, "పొక్కు లేసిన్నాడే నా బిడ్డ పనంత ఇడిసిపెట్టి దవాఖానకు తోల్కపోయింది" అంటుంది. నేను వంటింట్లోకి వెళ్లిపోతాను.