అమిల్కారె వెయ్యని ఈల

పార్మా ఊళ్ళో ఇంటింటి బట్టలు ఉతికిన తల్లికి పుట్టిన ఎర్సీలియా అమ్మమ్మ, పందొమ్మిదో ఏట ఒపేరా అనే పాటల నాటకాల బృందంలో చేరింది. ఆపైన ఇరవై రెండేళ్ళు పనిమనిషి వేషాలే. ఉత్తరం అందించడం, "అమ్మగారు మూర్ఛపోయారు!" అని ఒక్క ముక్క పాడి పక్కకు తప్పుకోవడం. మూర్ఛపోయే భాగ్యం ఎప్పుడూ ఇంకొకరిదే.

తాతయ్య అమిల్కారె చీజ్ పరీక్షకుడు. బండిచక్రాల్లాంటి చీజ్‌లను చిన్న సుత్తితో తట్టి, మోత విని, లోపల పగులుందో లేదో చెప్పేవాడు. ఆదివారాలు అదే చెవితో ఒపేరా థియేటర్ పైఅంతస్తు ఎక్కేవాడు. అక్కడ టిక్కెట్టు చవక, నోరు పెద్దది. స్వరం తప్పితే ముందు అమిల్కారె వెక్కిరింపు ఈల, వెనకే మిగతావాళ్ళవి. మిలానో నుంచి దిగిన మహా గాయకులు కూడా ఆ ఈలకు సాయంత్రం రైలు అందుకునేవారు.

ఒక ఆదివారం పొద్దున పెద్ద గాయనికి జ్వరం. మధ్యాహ్నమే ఆట. ఆ పాటలన్నీ నోటికి వచ్చింది ఊళ్ళో ఎర్సీలియా ఒక్కతికే.

"ఏవయ్యా, ఇవాళొక్కరోజు ఇంట్లో ఉండకూడదూ?"

"పెళ్ళాం పాడుతుంటే ఇంట్లో కూర్చుంటే ఊరు నవ్వదూ?"

"నేను తప్పితే?"

"తప్పకు."

రెండు అంకాలు బాగానే గడిచాయి. మూడో అంకంలో, పైస్వరం దగ్గర గొంతు నిలువునా చీలింది. పైఅంతస్తులో తలలన్నీ అమిల్కారె వైపు తిరిగాయి. దీపాల వెలుగులో ఆమెకేమీ కనబడలేదు. ఈల కోసం చెవులు రిక్కించింది. రాలేదు.

"పాపం," అన్నారెవరో. ఆ తరవాత మెత్తగా చప్పట్లు.

ఇంటికొచ్చేసరికి ఆయన సూప్ ముందు కూర్చుని ఉన్నాడు.

"బాగానే పాడావు."

"ఎందుకు వెయ్యలేదు?"

"కట్టుకున్నదానికి ఎలా వేస్తానే?"

"పోయినవారం ఆ బక్క టెనరుకు వేశావు కదా! వాడు గాయకుడు, నేను కానా? వెయ్యి. ఇప్పుడే వెయ్యి."

ఆయన రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఊదాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆమె నీళ్ళ గ్లాసు ముందుకు తోసింది. తాగి, మీసం తుడుచుకుని, మళ్ళీ ఊదాడు. మళ్ళీ గాలే.

ఆ తరవాత తొమ్మిదేళ్ళు అమ్మమ్మ పనిమనిషిగానే పాడింది. తాతయ్య పైకెక్కి కూర్చున్నా ఆయన ఈల ఎవరికీ వినబడలేదు. కొత్త గాయకులు హాయిగా తప్పులు పాడుకున్నారు. తెర పక్కన నిలబడి ఎర్సీలియా మాత్రం, ప్రతి తప్పు దగ్గరా ఒక్క క్షణం పైకి చూసేది.