గులాబీ తోట, తాళం వేసిన బాత్రూం

2011లో, తెలంగాణ ఉద్యమం వేడి మీదున్న రోజుల్లో, నేను కొండాపూర్‌లోని ఒక చిన్న సంస్థలో సోషల్ ఆడిటర్‌ని. సరుకు తయారయ్యే చోట పనివాళ్లను సరిగ్గా చూస్తున్నారో లేదో పరిశీలించి, సర్టిఫికెట్‌కు సిఫారసు చేయడం నా పని. హైటెక్ సిటీలోని ఒక విదేశీ కంపెనీకి, తమ రిసెప్షన్‌లో పెట్టే గులాబీలు ఎవరినీ ఏడిపించకుండా పూయాలని పట్టుదల పుట్టింది. వాళ్లకు పూలిచ్చే తోట నగర శివార్లలో ఉంది. యజమాని సుబ్బారావు గారు ఫోన్‌లోనే, "మా దగ్గర కూలీలుండరండి, అందరూ కుటుంబసభ్యులే" అన్నారు. ఈ మాట వింటే నాకు అనుమానం మొదలవుతుంది. కుటుంబసభ్యులకు ఎవరూ ఓవర్‌టైం ఇవ్వరు.

ఆడిట్ రోజు తోటకు కాస్త ఇవతలే కారు ఆగింది. రోడ్డు మీద వంటావార్పు. ఉద్యమంలో జనం నడిరోడ్డున పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే తిని నిరసన తెలిపేవారు. దిగి చూస్తే ఒకావిడ మోచేతుల దాకా కొత్త రబ్బరు గ్లౌజులు వేసుకుని గుండిగ దించుతోంది. పక్కనామె పురుగుమందు కొట్టేవాళ్ల మాస్కు పెట్టుకుని నిశ్చింతగా ఉల్లిపాయలు కోస్తోంది.

"నిలబడ్డవేంది బిడ్డా, కూసో. తిన్నంకనే రోడ్డు ఇడుస్తం" అంటూ గ్లౌజులావిడ విస్తరి వేసింది. పేరు యాదమ్మ.

గ్లౌజులు బాగున్నాయన్నాను.

"మా గులాబీ తోటల నిన్ననే ఇచ్చిండ్రు. ఇయ్యాల ఎవరో సారు చూడనీకి వస్తడంట. ఆయన పోంగనే మల్ల బీరువల వెడ్తరు. గందుకే గీ ఒక్కపూట మేం వాడుకుంటున్నం."

గ్లౌజు తీసి చెయ్యి చూపించింది. మందు కొట్టిన మొక్కల నుంచి పూలు కోసీ కోసీ అరచేతి చర్మం పొరలుగా లేచింది. "అన్నం కలుపుకుంటే మంట. చెంచతోని తింటున్న, సాఫ్ట్‌వేరోళ్ల లెక్క." అందరూ నవ్వారు.

"బాత్రూం గూడ కట్టి తాళమేసిండ్రు. సారు వచ్చేదాంక ఖరాబు కావద్దంట" అంది పక్కనామె.

"ఆ సారుకే చెప్పచ్చుగా?"

"జెప్తే సర్టిఫికెట్ రాదు. పూలు కొనకుంటే మాకు పనేడిది?" అంది యాదమ్మ.

రోడ్డు వదిలాక తోటకు చేరాను. సుబ్బారావు గారు, వంటావార్పు నుంచి వచ్చినవాళ్లతో సహా అందరినీ వరసగా నిలబెట్టారు. తాము అనుకున్న 'సారు' రోడ్డు మీద అన్నం తిన్న ఆడమనిషేనని యాదమ్మకు అప్పుడు తెలిసింది. అయినా నేర్పిన పాఠం మొదలుపెట్టింది. "గ్లౌజులు రోజు ఇస్తరు. బాత్రూం మంచిగున్నది..." అని ఆగి, దిక్కులు చూసింది.

ఆమె పేరు బయటపడితే పని పోతుంది. ఆమె అప్పజెప్పిందే రాసుకుంటే చేతులు పోతాయి. ఏం చేయాలో తోచక, తోచిందే అడిగాను.

"సుబ్బారావు గారూ, ఒకసారి బాత్రూంకు వెళ్లాలండి."

ఆయన జేబులు తడుముకున్నారు. తాళంచెవి బావమరిది దగ్గరుంది. బావమరిది మదీనాగూడలో, రాస్తారోకోలో ఇరుక్కున్నాడు.

"మా ఇల్లు దగ్గరేనండి, కారులో తీసుకెళ్తాను" అన్నారు.

"మరి వీళ్లు రోజూ ఎవరింటికి వెళ్తారండి?"

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. సుబ్బారావు గారు మళ్లీ జేబులు తడుముకున్నారు.

సర్టిఫికెట్‌కు సిఫారసు చేయలేదు, వద్దనీ అనలేదు. 'కరెక్టివ్ యాక్షన్' రాశాను, అంటే లోపాలు దిద్దుకోవడానికి గడువు. ఆ గడువులో కొనేవాళ్లు పూలు మానరు. తాళం తీయాలి, గ్లౌజులు రోజూ ఇవ్వాలి, మందు ఆరేదాకా ఎవరినీ లోపలికి పంపకూడదు, చేతులు పాడైనవాళ్లను యజమానే దవాఖానలో చూపించాలి.

గడువయ్యాక చెప్పకుండా, సరిగ్గా భోజనాల వేళకు వెళ్లాను. తాళం లేదు. యాదమ్మ ఫిర్యాదు మాత్రం సిద్ధంగా ఉంది.

"గ్లౌజులు తోటల్నే ఉంటున్నయి మేడం. వంటావార్పుకు మల్ల గుడ్డపేలికలే దిక్కయితున్నయి."

ఇప్పటికీ ఏ తోటకు వెళ్లినా నేను మొదట అడిగేది బాత్రూం. మనుషులకు పాఠాలు నేర్పవచ్చు, తాళానికి నేర్పలేరు. ఆ రెండోసారి భోజనాల వేళ మాత్రం నేను చేతుల వైపే చూశాను. యాదమ్మ డబ్బా తెరిచి, పచ్చిపులుసు పోసుకుని, చేత్తో అన్నం కలుపుకుంది.