వ్యాను వెనక, తెర చాటున

మా ఆయన మోకాలికి ఆపరేషన్ చేసిన డాక్టరు, ఇంటికి పంపేముందు, ఇక జన్మలో గొంతుక్కూర్చోకూడదని చెప్పాడు. ఆయన డాక్టరుకి తలూపి నా వైపు చూశాడు. మా బతుకుతెరువు తెలిసినవాళ్ళకి ఆ చూపు అర్థమవుతుంది.

కాఫీ పళ్ళ తోలు తీసే మిషన్లు బాగుచేయడం ఆయన పని. ఏజెన్సీలో కాఫీ తోటలున్న ఊళ్ళలో ఒకటో రెండో ఉంటాయి. కొన్ని చేత్తో తిప్పేవి, కొన్ని మోటారువి. పళ్ళు ఎర్రబడేలోపు వాటిని సిద్ధం చేయాలి. కోత మొదలయ్యాక, చెడిపోయిన మిషను దగ్గరికల్లా పరుగెత్తాలి. దసరాకి కాస్త ముందు కొండెక్కామంటే శివరాత్రి దాకా మైదానంలోకి దిగడం తక్కువ. లాడ్జీలు అరకులో ఉంటాయిగానీ మేం వెళ్ళే ఊళ్ళలో ఎక్కడివి? అందుకని ఒక స్కూలువాళ్ళు అమ్మేసిన పాత పసుపు వ్యాను కొని, సీట్లు పీకించి, మంచం, గ్యాసుపొయ్యి, పనిముట్ల పెట్టె అమర్చుకున్నాం. రంగు మార్చలేదు. ఇప్పటికీ పొద్దున్నపూట రోడ్డు పక్కన బ్యాగులేసుకున్న పిల్లలు మమ్మల్ని చూసి చేతులెత్తుతారు.

మోకాలు పాడవకముందు ఆయనే నడిపేవాడు. ఆ తర్వాత స్టీరింగు నా చేతికొచ్చింది. నడపడం నాకు బేగానే అబ్బింది. కష్టమంతా రెండో సంగతితోనే.

అంతకుముందు చెంబు పట్టుకుని తెల్లవారకముందే తుప్పల్లోకి వెళ్ళొచ్చేవాళ్ళం. నాకది ఎప్పుడూ కష్టంగానే ఉండేది. వానాకాలం జలగలు పట్టేవి. పగలు మళ్ళీ వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు తాగడం మానేసేదాన్ని, సాయంత్రానికి తలనొప్పి వచ్చేది. అయినా ఎలాగో నెట్టుకొచ్చాం. ఇప్పుడు కూర్చోలేని మనిషిని తుప్పల్లోకి ఎలా తీసుకెళ్ళను? ఊళ్ళలో మరుగుదొడ్లు ఉన్నచోట కూడా అవి నేలబారువే.

మందుల షాపులో ముసలివాళ్ళ కోసం అమ్మే కమోడ్ కుర్చీ ఒకటి తెచ్చాం. మధ్యలో కన్నం, కింద బకెట్టు. వ్యాను వెనక మూలలో దాన్ని తాళ్ళతో కట్టి, నా పాత చీర తెరగా వేశాను. బకెట్టులో సగం నీళ్ళు, నీళ్ళలో ఫినాయిలు. ఇంకేం కావాలి అనుకున్నాం.

అనంతగిరి ఘాట్‌లో మూడు మలుపులు తిరిగామో లేదో వెనకనుంచి చప్పుడు మొదలైంది.

"ఏటండీ ఆ సప్పుడు?" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ ముందుకి తిరిగాడు. "ఏటీ నేదు. నువ్వు రోడ్డు సూడు."

వ్యాను ఆపే చోటు దొరికేసరికి బకెట్టులోది ఒలికి మంచం కింది బొంతల దాకా వచ్చేసింది. బొంతలు గెడ్డ ఒడ్డుకు తీసుకెళ్ళి, నీళ్ళు తోడుకొచ్చి దూరంగా ఉతికాను. ఎండబెట్టాను. ఆ వాసన పోలేదు. పైన ఫినాయిలు వాసన, దాని కింద అసలు వాసన. రెండూ కలిసి అన్నంలోకీ, జుట్టులోకీ ఎక్కాయి. మిషను బాగుచేయించుకోడానికి పిలిచిన రైతు వ్యాను గుమ్మం దాకా వచ్చి, లోపలికి రమ్మంటే, "పర్వాలేదండీ, ఇక్కడే నిలబడతాను," అన్నాడు. మర్యాదస్థుడు. ముక్కు మూసుకోలేదు.

ఆ రోజు మా ఆయన భోజనం సరిగ్గా చేయలేదు.

"నా మూలంగా నీకీ పాట్లెందుకు? ఈ పని ఒగ్గీద్దాం. కిందకెళ్ళి ఏదో సైకిల్ షాపు ఎట్టుకుందాం," అన్నాడు.

ఆయనకి మిషన్ల మీద ఎంత ప్రేమో నాకు తెలుసు. తుప్పు పట్టిన పళ్ళచక్రాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసేటప్పుడు ఆయన మొహం వేరేగా ఉంటుంది. సైకిళ్ళకి పంక్చర్లు వేస్తూ ఆ మొహం ఉండదు.

అంట్లు తోముతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు ఇంట్లో పసిపిల్లలు నేలమీద దొడ్డికి పోతే అమ్మ నీళ్ళు పోసేది కాదు. పొయ్యిలో బూడిద తెచ్చి గుప్పెడు చల్లేది. కాసేపటికి అది పొడిగా ఉండకట్టేది, చేటలోకి ఎత్తి పారేసేది. వాసన ఉండేది కాదు, ఈగలు వాలేవి కాదు. మేం చేసిందంతా తల్లకిందులుగా ఉంది. పొడిగా ఉంచాల్సినదాన్ని నీళ్ళలో నానబెట్టాం.

మర్నాడే మొదలుపెట్టాం. ఒంటేలు, దొడ్డి కలవకూడదు, అదీ మొదటి పని. మా ఆయన ఒక ప్లాస్టిక్ గరాటాని కుర్చీ కింద ముందువైపు బిగించి, దానికి పైపు తగిలించి, మూతున్న డబ్బాలోకి వదిలాడు. వెనక బకెట్టులో నీళ్ళు లేవు. అడుగున ఎండు పొట్టు, వెళ్ళినప్పుడల్లా పైన ఇంకో రెండు దోసిళ్ళు. కాఫీ గింజల్ని ఎండాక ఆడిస్తే మీది పొట్టు వస్తుంది కదా, ఊళ్ళలో అది కుప్పలుగా పడుంటుంది. అడిగితే ఎవరైనా గోనెడు ఇస్తారు. బూడిద కూడా కొంత కలిపేదాన్ని. పాత కంప్యూటర్‌లోంచి తీసిన చిన్న ఫ్యాను ఒకటి బ్యాటరీకి తగిలించి, గొట్టం ఒకటి పైకప్పులోంచి బయటికి పెట్టాం. ఆ తర్వాత వారం ఒక రైతు లోపలికొచ్చి మంచం మీద కూర్చుని టీ తాగి వెళ్ళాడు. ఆయన వెళ్ళాక మేమిద్దరం మొహాలు చూసుకున్నాం.

అన్నిసార్లూ అంత బాగా జరగలేదు. ముసురు పట్టినప్పుడు పొట్టు చెమ్మగిల్లి, వాసన మెల్లగా తిరిగి వచ్చేది. సన్నటి దోమల్లాంటి పురుగులు తెర చుట్టూ తిరిగేవి. అప్పుడు పొట్టుని పాత మూకుట్లో వేయించేదాన్ని. వేయిస్తుంటే ఘుమఘుమలాడే వాసన. ఒకసారి దారిన పోతున్న టూరిస్టులు కారు ఆపి, "కాఫీ ఉందా?" అని అడిగారు. మా ఆయన నవ్వు ఆపుకోలేక వ్యాను వెనక్కి వెళ్ళిపోయాడు.

బకెట్టు నిండాక పాతిపెట్టాలి. ఆ పని నాదే. మోకాలు లోతు గొయ్యి, గెడ్డకీ ఊటబావికీ దూరంగా, పైన మట్టి కప్పి ఆకులు పరవడం. ముంచింగిపుట్టు దాటాక ఒక ఊళ్ళో ఎవరూ లేవకముందే పని ముగించుకుందామని పార తీసుకుని పొలం గట్టు పక్కకి వెళ్ళాను. గొయ్యి సగం తవ్వి తలెత్తేసరికి ఒక ముసలావిడ మేకల్ని పట్టుకుని నిలబడుంది. నేనేదో చెప్పేలోపు వెనక్కి తిరిగి ఊళ్ళోకి కేకేసింది. కాసేపట్లో పదిమందీ వచ్చేశారు. ముందున్న పెద్దాయన చేతిలో కర్ర ఉంది.

"ఏటి పాతిపెడతన్నారు?"

బయటివాళ్ళు తెల్లవారుతూనే గోతులు తవ్వితే కొండల్లో రెండే అనుకుంటారు. లంకెబిందెల కోసం వచ్చారని, లేదా చేతబడికి చిల్లంగి పెడుతున్నారని. రెండోది అనుకుంటే మాట ఎంత దూరమైనా వెళ్తుంది.

"అదేటో సూపించు," అంది ముసలావిడ, బకెట్టు వైపు వేలు చూపించి.

మా ఆయన కర్ర ఊతంగా వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "బాబూ, అది నాదే. నాకు మోకాలు పాడయింది. తుప్పల్లో కూకోలేను," అన్నాడు.

నేను మూత తీశాను. పెద్దాయన వంగి చూశాడు. పొట్టు తప్ప ఏమీ కనిపించలేదు. కర్రతో పొట్టు కాస్త పక్కకి నెట్టి, వెంటనే వెనక్కి జరిగాడు. అది చూసి ముసలావిడ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నేలమీద కూలబడింది.

"ఓలమ్మో! బంగారం అనుకున్నాం కదే! ఇంత బద్రంగా దాసుకుంటన్నారు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు తగ్గాక పెద్దాయన ఇలా అన్నాడు: "ఇక్కడ ఒద్దమ్మా. ఆ రాళ్ళ కాడ మా దేముడుంటాడు. అటేపు తవ్వుకోండి. ముందే ఒక మాట అడిగితే అయిపోను కదా." అప్పటినుంచి ఏ ఊరెళ్ళినా ముందు అడిగాకే పార తీస్తున్నాను. అడగడానికి మొదట్లో సిగ్గేసేది. ఎక్కడా కాదనలేదు.

ఆ మరుసటి ఏడు, దసరా వెళ్ళాక, అల్పపీడనం వానలు పట్టాయి. ఒక మోటారు మిషనుకి కావలసిన సామాను కోసం ఎస్.కోట దిగుతున్నాం. ఘాట్ సగంలో ముందు బళ్ళు ఆగిపోయి ఉన్నాయి. కొండచరియ విరిగి రోడ్డు మీద పడింది. మా వెనక ఒక బస్సు వచ్చి ఆగింది, దాని వెనక ఇంకొన్ని జీపులు. ఒకవైపు నిలువు కొండ, ఇంకోవైపు లోయ. మగవాళ్ళు గొడుగులేసుకుని కాస్త దూరం నడిచి లోయవైపు తిరిగి నిలబడి వచ్చేస్తున్నారు. ఆడవాళ్ళు బస్సులోనే కూర్చున్నారు. వాళ్ళెందుకు దిగట్లేదో నాకు తెలుసు.

మధ్యాహ్నం దాటాక ఎవరో వ్యాను తలుపు తట్టారు. తడిసిన చీర కొంగు నెత్తిన కప్పుకున్న ఒకావిడ, ఆమె వెనక నిండు గర్భిణి, పెదవి కొరుక్కుంటూ.

"అమ్మా, నా కోడలు. పొద్దుటికాడి నుంచి ఆపుకుంది. నీ బండి సాటున గొడుగు అడ్డెట్టుకుంటాం, ఏటీ అనుకోకు," అంది.

వ్యాను అవతలి పక్క సిమెంటు దిమ్మ, దాని కింద లోయ. ఆ పిల్లకి అక్కడ నిలబడటమే కష్టం. నేను లోపలికి చూశాను. ఆ తెర వెనకది మా ఇద్దరిదే. దాని గురించి మా చుట్టాలక్కూడా చెప్పలేదు. మా ఆయన నా కంటే ముందే గొడుగు తీసుకుని కిందకి దిగిపోయాడు.

"లోపలికి రండి," అన్నాను. "కుర్చీ ఉంది."

ఆ పిల్లకి ఎలా కూర్చోవాలో చెప్పి తెర వేశాను. బయటికొచ్చాక ఆమె నా చెయ్యి పట్టుకుని కాసేపు అలాగే ఉంది. అత్తగారు తనూ వెళ్ళొచ్చి, "వాసనే నేదు!" అంటూ బస్సు దగ్గరికెళ్ళి గట్టిగా చెప్పింది. అంతే, గొడుగులు ఒకదాని వెనక ఒకటి రావడం మొదలైంది. కాలేజీ పిల్లలు, చంటిబిడ్డల తల్లులు, ఇద్దరు టీచరమ్మలు. బస్సు కండక్టరు మగవాళ్ళందర్నీ ముందుకి నడిపించి, "ఇటేపు ఎవులూ రాకండి," అని కాపలా నిలబడ్డాడు. మా ఆయన లోయవైపు మొహం పెట్టి వానలో నిలబడే ఉన్నాడు. డబ్బా నిండినప్పుడల్లా తీసుకెళ్ళి, కొండ వారన మట్టిలో పారబోసి వచ్చాడు.

ఒక గంటయ్యేసరికి పొట్టు అయిపోయింది. బయట అన్నీ తడి ఆకులే. వరసలో ఉన్నవాళ్ళతో ఆ మాట చెప్పలేక చెప్పాను. ఒక కొండ ఆవిడ, ముక్కుకి రెండువైపులా బేసర్లు పెట్టుకున్నావిడ, "ఎండు ఆకులైతే అవుతాదా?" అంది. సంతలో అమ్మడానికి ఎండు అడ్డాకుల కట్టలు తీసుకెళ్తోంది. అవి అడవిలో తిరిగి కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టినవి.

"అమ్ముకునేవి కదమ్మా," అన్నాను.

"ఆకు మల్లీ కోసుకుంటాను. ఆడగుంటలు ఎంతసేపు ఆపుకుంటారు?" అంది, అప్పటికే కట్ట విప్పుతూ.

బస్సులో ఆడవాళ్ళంతా తలా కాసిని ఆకులు ఒళ్ళో వేసుకుని చేతులతో నలిపి పొడి చేశారు. ఒక కాలేజీ గుంట ఆ పొడిని తన చున్నీలో మూటగట్టి తెచ్చిచ్చేది. నలిపేటప్పుడు కబుర్లు. పొద్దున్నుంచీ బిగుసుకుపోయి ఉన్న బస్సులోంచి నవ్వులు వినిపించాయి. ఎవరో జంతికలు పంచారు. నీళ్ళు తాగడానికి భయపడి మూతలు బిగించుకున్న సీసాలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

సాయంత్రానికి పొక్లెయిన్ వచ్చి మట్టి తీసింది. బళ్ళు కదిలేముందు ఆ గర్భిణి అత్తగారు కిటికీలోంచి, "మగపిల్లాడైనా ఆడపిల్లైనా నీ బండి కథ సెప్తాను!" అని అరిచింది. అడ్డాకుల ఆవిడ మిగిలిన కట్టలు తలమీద పెట్టుకుని, నేనేదో అనబోతే వినకుండానే బస్సెక్కేసింది. కొండ దిగాక తెలిసినవాళ్ళ జీడితోటలో అడిగి, పెద్ద గొయ్యి తవ్వాను. ఆ రోజు నడుం పడిపోయింది. వేణ్ణీళ్ళు కాచి మా ఆయనే కాపడం పెట్టాడు. సైకిల్ షాపు మాట మళ్ళీ ఎత్తలేదు.

అడ్డాకుల ఆవిడ నాకు మళ్ళీ ముంచింగిపుట్టు సంతలో కనిపించింది. తెల్లవారకముందే నడక మొదలుపెట్టి, సరుకు దించుకుని, పొద్దుగూకే దాకా అక్కడే కూర్చునే ఆడవాళ్ళు చాలామంది. ఆమె ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చి, "ఈ బండే," అని చూపించింది. ఇప్పుడు మేం ఆ వైపు ఉన్న సంతరోజుల్లో వ్యానుని చివరగా, చెట్ల వైపు తలుపు వచ్చేలా ఆపుతాం. మా ఆయన ముందు కూర్చుని మిషన్ల పని చూసుకుంటాడు, నేను వెనక వచ్చే ఆడవాళ్ళని చూసుకుంటాను.

మొన్న సంతలో ఒక పెద్దావిడ లోపలికి వెళ్ళి ఎంతకీ రాలేదు. వరసలో ఉన్నవాళ్ళు సణుగుతున్నారు. కంగారుపడి తెర దగ్గరికెళ్ళి, "అమ్మా, బాగానే ఉన్నారా?" అని పిలిచాను.

"బాగానే ఉన్నాను. ఏటీ కానేదు. నడిసి నడిసి వచ్చాను కదా, పొద్దుటికాడి నుంచి ఇప్పుడే కూకున్నాను. ఒక్క రవ్వ ఒగ్గీ," అంది.

నేను బయటికొచ్చి, ఇంకాస్సేపు ఆగాలని వాళ్ళకి చెప్పాను.