తొట్టెల దిగిన రోజు

మొన్న సాయంత్రం పక్క వాటాలోకి కొత్తగా కిరాయికి దిగినవాళ్ళు స్లాబు కొక్కేనికి తమ పసివాడి కోసం ఊయల తొట్టెల కడుతున్నారు. ఇనుము ఇనుముకు ఒరుసుకుని కిర్రుమన్న చప్పుడు గోడ దాటి మా వంటింట్లోకి వచ్చింది. నేను పప్పుకు పోపు పెడుతున్నాను. ఆ చప్పుడు ఎక్కడిదో నాకు తట్టేలోపలే, ముందు గదిలో లెక్కలు చేసుకుంటున్న మా చందన పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "అమ్మా, మణెమ్మవ్వ యాదికొచ్చింది" అంది.

నాకంటే ముందు దానికి యాదికొచ్చింది. మణెమ్మవ్వ కాలం చేసి మూడేళ్ళయింది, చందనకు పన్నెండో ఏడు నడుస్తోంది. అయినా ఈ విషయంలో నేను ఇంకా రెండోదాన్నే. ఆవాలు మాడి వాసన వచ్చేదాకా పొయ్యి దగ్గర అలాగే నిలబడిపోయాను.

మణెమ్మ మాకు చుట్టం కాదు. పెళ్ళైన కొత్తలో మేము శంషాబాద్‌లో ఈ వరస గదుల ఇంట్లో కిరాయికి దిగినప్పుడు ఆమె పక్క వాటాలో ఉండేది. భర్త పోయాడు, కొడుకులు ఎవరి సంసారం వారిది. ఆమె పుట్టి పెరిగిన పొలాలు ఎయిర్‌పోర్టు గోడ లోపలికి వెళ్ళిపోయాయి. తల మీదుగా విమానం దిగుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "మా చెలకల జొన్న మొలుస్తుండె. ఇప్పుడు ఇమానాలు మొలుస్తున్నయ్" అని నవ్వేది. ఏడవాల్సిన మాటను నవ్వుతూ అనడం నేను మొదట ఆమె దగ్గరే చూశాను. నేను పుట్టింది కొత్తూరు అవతల ఒక పల్లెలో. బడికి పోవాలంటే బెంగుళూరు రోడ్డు దాటాలి. లారీల భయానికి మా అమ్మ నన్ను పంపలేదు. భజనలు పాడే మా నాయన ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించాడు, పద్యాలు కంఠతా పట్టించాడు. నాకు తెలిసిందంతా ఆయన అరుగు మీద నేర్చుకున్నదే. ఆ చదువు మీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. పిల్ల పుడితే నా పద్యాలు వింటూ నిద్రపోతుందని ఊహించుకునేదాన్ని.

చందన పుట్టాక తొట్టెలలో వేసే రోజు ఒక చిక్కు వచ్చింది. మా గదికి రేకుల కప్పు, కొక్కెం లేదు. మణెమ్మ గదికి స్లాబు ఉంది, కొక్కెం ఉంది, అటక మీద ఆమె కొడుకులు పడుకున్న కర్ర తొట్టెల కూడా ఉంది. దాన్ని దించి, కడిగి, పసుపు రాసి, ఆమె గదిలోనే వేలాడదీసింది. పిల్లను పడుకోబెట్టే ముందు తన రోట్లోని పొత్రాన్ని, పచ్చళ్ళు నూరే ఆ నల్లని గుండ్రాయిని, మెత్తని గుడ్డలో చుట్టి తొట్టెలలో పడుకోబెట్టి మూడుసార్లు ఊపింది.

"రాయి పన్న జాగల పిల్ల పండాలె. రాయి లెక్క గట్టిగుంటది" అంది.

మా ఆయన యాదగిరి ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతాడు. అప్పటికి వారం నుంచి నిద్ర లేదు ఆయనకు. తొట్టెలలోకి తొంగిచూసి, "అవ్వా, గిది ఏడుస్తలేదు. మాకు గీ రాయినే ఇయ్యరాదు, పిల్లను నువ్వే ఉంచుకో" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాటలో సగం నిజమవుతుందని నాకు అప్పుడు తెలియదు.

పిల్లకు తొమ్మిదో నెల దాటాక నేను పనికి వెళ్ళక తప్పలేదు. ఎయిర్‌పోర్టు రోడ్డు మీద ఒక హోటల్లో గదులు సర్దే పని. పొద్దంతా మంచాల మీద తెల్ల దుప్పట్లు పరచడం, నాలుగు మూలలూ పరుపు కిందికి బిగించి మడవడం. చిన్న ముడత ఉన్నా మా మేడమ్ ఒప్పుకోదు. ఎవరెవరికో పక్కలు వేసి ఇంటికి వచ్చేసరికి నా బిడ్డ మణెమ్మ గదిలో ఊగుతుండేది. గేటు తీస్తుంటేనే కిటికీలోంచి ఆమె గొంతు వినిపించేది. దాన్ని పాట అనడానికి కూడా లేదు. రాగం లేదు, తాళం లేదు. కంటికి కనిపించిన సామానునంతా ఒక్కొక్కటిగా పడుకోబెట్టేది.

"రోలు పన్నది... రోకలి పన్నది... చాట పన్నది, చీపురు పన్నది... గోడ మీద బల్లి పన్నది... ఇమానం గూడ పన్నది..."

బల్లి దాకా వచ్చేసరికి చందన కళ్ళు మూతపడేవి. నేను దాన్ని ఎత్తుకొచ్చి మా చాప మీద నా పక్కన వేసుకునేదాన్ని. నిద్రపుచ్చడం ఆమెది, నిద్రపోయిన పిల్ల నాది. ఆ వాటా నాకు చేదుగా ఉండేది.

సెలవు రోజున నేనూ ప్రయత్నించేదాన్ని. మా నాయన నేర్పిన పద్యం మెల్లగా అందుకుంటే, చందన తన బుల్లి అరచేతితో నా నోరు మూసేసేది. సరేలే అని సిగ్గు చంపుకుని "రోలు పన్నది" అన్నాను ఒకసారి. అది లేచి కూర్చుని, "నీది గాదు, అవ్వది" అంది. అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి దానికి. వచ్చిన మాటల్లో అదొకటి.

సాయంత్రం దీపం పెట్టినప్పుడు, ఆ రోజు నాకు మేలు చేసినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటిగా దేవుడికి చెప్పుకోవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. బస్సులో జాగా ఇచ్చిన మనిషి పేరు తెలియకపోతే "ఆ ఎర్ర చీర ఆమె" అనైనా చెప్పుకుంటాను. మణెమ్మ పేరు దగ్గరికి వచ్చేసరికి గొంతులో మెతుకు అడ్డం పడ్డట్టయ్యేది. ఆమె లేకపోతే నా పని లేదు, పిల్లకు కడుపు నిండదు. అది తెలుసు. ఆమె పట్ల నా కృతజ్ఞత, ఆమె మీద నా కుళ్ళు, రెండూ ఒకే గదిలో కిరాయికి ఉన్నట్టు ఉండేవి. ఒకటి దీపం వెలిగిస్తుంటే ఇంకొకటి ఊదుతుండేది.

మూడో ఏడు దగ్గర పడేసరికి చందన కాళ్ళు తొట్టెల దాటి బయటికి వచ్చేశాయి. తాళ్ళు మూలిగేవి. "ఇగ దించాలె బిడ్డా" అని మణెమ్మే అంది. ఆ మాట కోసం నేను ఎంతగా ఎదురుచూశానో నాకే తెలుసు. తొట్టెల ఆమె గదిలో ఉంది. మంచం వస్తే మా గదిలో ఉంటుంది. పిల్ల తొట్టెల దిగి మంచం ఎక్కడం నాకు ఒక్క వస్తువు మారడం కాదు, నా బిడ్డ గోడకు ఇవతలికి రావడం. దాన్ని నా చేతులతోనే చెయ్యాలనుకున్నాను. మణెమ్మ పాల్మాకులలో చుట్టాల పెళ్ళికి పోతున్నానని చెప్పిన రోజునే సెలవు పెట్టాను. యాదగిరితో చెప్పి బజారు నుంచి ఒక పొట్టి కర్ర మంచం తెప్పించాను. కొత్త పరుపు, కొత్త తెల్ల దుప్పటి. హోటల్లో వేసినట్టే వేశాను. నాలుగు మూలలూ బిగించి, అరచేతితో దువ్వి, ఒక్క ముడత లేకుండా. మా మేడమ్ చూస్తే మెచ్చుకునేది.

మధ్యాహ్నం అన్నం పెట్టి చందనను దాని మీద పడుకోబెట్టి పైన దుప్పటి బిగించాను. అది కాళ్ళు ఆడించింది. ఆడలేదు. బెదిరిపోయి పాకుతూ బయటికి వచ్చి, మంచం దిగి, పరుగెత్తి మణెమ్మ తలుపు ముందు నిలబడింది. తలుపుకు తాళం ఉంది. తాళాన్ని పట్టుకుని గుంజుతూ, "అవ్వా, తీ" అని ఏడ్చింది. నేను ఎత్తుకుంటే విలవిలలాడి జారిపోయింది. బతిమాలాను, బొమ్మ ఇచ్చాను, కోపం కూడా చేశాను. ఎండ వాలేదాకా ఆ గడప వదలలేదు. నా ఇల్లు అంత దగ్గర ఉండగా నా బిడ్డ తాళం వేసిన ఇంకొకరి తలుపు పట్టుకుని కూర్చుంది. నేనూ పక్కనే కూర్చున్నాను. ఆ తాళం మీద నాకు ఎంత అసూయ పుట్టిందో చెప్పలేను.

పొద్దు గూకేముందు మణెమ్మ వచ్చింది. పెళ్ళి పసుపు చేతులకు అలాగే ఉంది. మా ఇద్దరినీ చూసింది. చందనను చంకనేసుకుని నేరుగా మా గదిలోకి వెళ్ళి మంచం చూసింది. దుప్పటిలోకి చెయ్యి దూర్చబోయింది. దూరలేదు.

"గిదేంది బిడ్డా? మంచమా, మూటనా?"

"మా హోటల్ల గిట్లనే ఏస్తరవ్వా" అన్నాను, రోషంగా.

"ఆడ పండెటోళ్ళు ఎవలు? రాత్రి వచ్చి పొద్దుగాల ఇమానం ఎక్కి పొయ్యెటోళ్ళు. వాళ్ళకు గట్ల బిగించి ఏస్తవు. నీ బిడ్డ పొయ్యెదా, ఉండెదా?"

ఆమె నాలుగు మూలలూ ఊడబెరికింది. "నువ్వు కట్టి ఇడిసిన చీర తే. ఉతికింది గాదు" అంది. పొద్దున కట్టి విప్పిన పాత చీర తెచ్చాను. దాన్ని నాలుగు మడతలు వేసి పరుపు మీద వదులుగా పరిచింది. తర్వాత తన గది తాళం తీసి, రోట్లోంచి పొత్రాన్ని కడిగి తెచ్చి, పాత గుడ్డలో చుట్టి చందన చేతికి ఇచ్చింది. బరువుకు పిల్ల ముందుకు తూలింది.

"నువ్వు తొట్టెల ఎక్కంగ దీన్ని నేను పండవెట్టిన. ఇప్పుడు నువ్వు పండవెట్టు. పెద్దదానివైతివి గద."

చందన ఏడుపు మరిచిపోయింది. రాయిని మంచం మధ్యలో పెట్టి, దాని పక్కన పడుకుని, దాని మీద చెయ్యి వేసి తట్టింది. ఎవరూ చెప్పకుండానే అందుకుంది.

"అమ్మ తొవ్వల ఉన్నది, రోలు పన్నది... అమ్మ తొవ్వల ఉన్నది, రోకలి పన్నది... అమ్మ తొవ్వల ఉన్నది, చాట పన్నది..."

అమ్మ దారిలో ఉంది, వస్తోంది. రెండేళ్ళు కిటికీ బయట నిలబడి విన్న పాటలో ఈ మాట నేను ఒక్కసారి కూడా వినలేదు.

"అవ్వా, నువ్వు పాడంగ ఆ మాట ఎన్నడు ఇనలేదు" అన్నాను మెల్లగా.

"నువ్వచ్చినంక ఆ మాటతోని ఏం పని? గేటు సప్పుడు కాంగనే ఇడిసిపెడ్తుంటి."

చందన పాట బల్లి దాకా వచ్చి ఆగింది. తల తిప్పి నన్ను చూసింది. ఏదో తప్పు పట్టినట్టు కనుబొమలు ముడిచి, "అమ్మ తొవ్వల లేదు, ఈడనే ఉన్నది" అంది. రాయిని అవతలికి నెట్టి, మంచం మీద చెయ్యి తట్టింది. "పండు" అని నాకు ఆజ్ఞ. ఆ పొట్టి మంచం మీద కాళ్ళు ముడుచుకుని పడుకున్నాను. అది నన్ను తట్టింది. ఏడ్చి అలసిన దానికంటే ముందు నాకే నిద్ర పట్టిందని తర్వాత మణెమ్మ ఊరంతా చెప్పి నవ్వింది. "బిడ్డను పండవెట్టుమంటె తల్లి పన్నది!"

నేను లేచేసరికి చందన నా చీర కొంగు గుప్పిట్లో పట్టుకుని నిద్రపోతోంది. గోడ అవతల కొక్కెం కిర్రుమంది. వెళ్ళి చూస్తే మణెమ్మ ఒక్కతే పీట ఎక్కి తొట్టెల దించుతోంది. ఖాళీ తొట్టెల ఊగకూడదట. తాళ్ళు చుట్టలు చుడుతూ, నా వైపు చూడకుండా అంది: "ఇగ పండవెట్టెతందుకు నేను రాను బిడ్డా. నేనుంటె అది నీ తోటి పండది."

ఆ తర్వాత కొన్నాళ్ళు చందన పడుకునే వేళకు గోడ వైపు తిరిగి "అవ్వా" అని పిలిచేది. అవతలి నుంచి జవాబు ఉండేది కాదు. ఆమె అక్కడే ఉందని నాకు తెలుసు. ఒక్కోసారి ఆపుకున్న దగ్గు వినిపించేది. పొద్దున్నే చందనను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఏమీ ఎరగనట్టు జొన్నరొట్టె తినిపించేది. అంత ఇష్టం ఉండీ ఆ పిలుపుకు పలకకుండా ఉండడం నాకు చేతనయ్యేదా? కాదనే అనుకుంటాను. అందుకే ఆ మౌనం చూసినా నాకు అసూయే కలిగింది. ఇచ్చేసిన తర్వాత కూడా ఆమెదే పై చెయ్యి. కానీ అప్పటి నుంచి దీపం ముందు ఆమె పేరు అడ్డం పడలేదు. పొత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది. ఇవాళ్టికీ పచ్చడి దాంతోనే నూరుతాను. హోటల్లో మంచం వేసి వచ్చేటప్పుడు, కాళ్ళ వైపు ఒక మూల నా చెయ్యే వదులు చేస్తుంది. "ఏంటమ్మా, ఈ మూల వదిలేశారు?" అని మా మేడమ్ అడుగుతూనే ఉంటుంది.

నిన్న సాయంత్రం పక్క వాటాలో కొత్తగా దిగిన అమ్మాయి తన చిన్నవాణ్ణి కాసేపు చూడమని చందనకు అప్పగించి పాలపాకెట్టు తేవడానికి వెళ్ళింది. వాడు గుక్కపట్టాడు. కిర్రు, కిర్రు అని కొక్కెం ఊగడం మొదలైంది. దాని వెంటే నా కూతురి గొంతు, అచ్చంగా ఆ ముసలి గొంతు యాసతో, "అమ్మ తొవ్వల ఉన్నది, రోలు పన్నది..." నేను బయటికి వచ్చేసరికి ఏడుపు ఆగింది. పాలపాకెట్టు పట్టుకుని ఆ అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి ఉంది. లోపలికి వెళ్ళడం లేదు. కొడుకు ఊరుకున్నందుకు సంతోషించాల్సిన ముఖం అది. కానీ పెదవులు బిగిసి ఉన్నాయి. ఆ ముఖం నాకు బాగా తెలుసు. అద్దంలో రెండేళ్ళు చూశాను.

"చందూ" అని పిలిచాను. "ఇగ రా బిడ్డా. వాళ్ళమ్మ వచ్చింది."