దూది పోగు ఆగిన చోటు

మా మేస్త్రిగారు పోయారని ఏలూరు నుంచి ఫోను వచ్చేటప్పటికి నేను తాడేపల్లిగూడెం షాపులో ఒక రేకు పెట్టెకి బెజ్జం పెడుతున్నాను. ఫోను పెట్టేసి, ఆ బెజ్జం అంచు చుట్టూ దూది తిప్పి చూశాను. అప్పుడు గానీ కూర్చోలేదు. అలా ఎందుకు చేశానో చెప్పాలంటే ఆయన గురించి చెప్పాలి. మా ఊరి బడిలో చదివిన చదువు నాది. మాటలు తక్కువ. సర్దుకుని చదవండి.

కొల్లేటి పక్క రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్లు ఉంటాయి కదా, వాటి మోటార్లకు ప్యానెల్ బోర్డులు చేసేవారాయన. బోర్డంటే ఇనప రేకు పెట్టె. కేబులు లోపలికి పోవడానికి దానికి బెజ్జాలు కావాలి. బెజ్జమే కదా అనుకుంటాం. పనిలో చేరిన కొత్తల్లో నేను డ్రిల్లింగ్ మిషను తీస్తే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఏవయ్యా, చేతికందింది పట్టుకోవడమేనా? ముందు రేకుని అడుగు."

"రేకు చెబుతుందా అండీ?"

"నీకంటే ఎక్కువే మాట్లాడుతుందిలే."

నిజమే, చెబుతుంది. పల్చటి రేకు మీద మామూలు డ్రిల్లు బిట్టు పెడితే బెజ్జం మూడు మూలలుగా వస్తుంది. దానికి మెట్లుమెట్లుగా ఉండే బిట్టు వాడాలి. మందపు రేకయితే, పెట్టె ఖాళీగా ఉంటే, గుండ్రటి రంపం. లోపల వైర్లు బిగించేశాక మాత్రం రంపం ముట్టుకోకూడదు. ఇనప పొట్టు స్విచ్చుల్లో పడుతుంది. అప్పుడు పంచ్ వాడాలి. బోల్టు బిగించేకొద్దీ అది రేకుని కొరికి, రూపాయి బిళ్ళలాంటి ముక్కను కింద పడేస్తుంది.

ఏది వాడినా చివర అంచు అరగదియ్యడానికి గుండ్రటి ఆకురాయి, ఆ తర్వాత దూది. అంచు మీద కంటికి కనపడని గరుకు ఉన్నా దూది పోగు అక్కడ పట్టుకుంటుంది. దూది తిప్పేటప్పుడు ఫ్యాను ఆపించేవారు. "గాలి అబద్ధం చెబుతుందయ్యా" అనేవారు.

ఈ అలవాటు ఆయనకి ఊరికే రాలేదు. ఆయన బావమరిది ఆకివీడు దగ్గర చెరువులకు కాపలా ఉండేవాడు. వానలో తడిసిన చేత్తో బోర్డు తలుపు తీశాడు. కరెంటు పట్టేసింది. మళ్లీ చెయ్యి వెనక్కి రాలేదు, మనిషీ దక్కలేదు. పెట్టెకి ఎవరో ఉలితో కొట్టి బెజ్జం పెట్టారు. ఆ అంచు కేబులు తొడుగుని రోజూ కొంచెం కొంచెం కోస్తూ వచ్చింది. ఆ పెట్టె ఎవరు చేశారో కనుక్కుందామని చుట్టాలు బయల్దేరితే ఈయన ఆపేశారు.

"ఎవరు చేస్తే ఏంటండీ. మనలాంటి చెయ్యే."

అప్పట్నుంచి ఆయన వేలు ఎక్కడా ఊరుకోలేదు. ఎవరింటికి వెళ్లినా మీటరు పెట్టె కింద బెజ్జం తడిమేవారు. పోయిన నెల చూడ్డానికి వెళ్తే మంచం మీద ఉన్నారు. మజ్జిగ గ్లాసు ఇస్తే తాగలేదు. గ్లాసు అంచు చుట్టూ వేలు తిప్పుతూ ఉండిపోయారు. నన్ను గుర్తుపట్టారో లేదో తెలీదు.

ఏలూరులో చిన్నకర్మ అయిన మర్నాడు మేస్త్రిగారి భార్య, మేం అమ్మగారు అనే ఆవిడ, నన్ను పెరట్లో షెడ్డు దగ్గరికి తీసుకెళ్లారు.

"మంచం పట్టకముందు మొదలెట్టిన పెట్టె ఒకటి సగంలో ఉండిపోయిందండీ. రొయ్యకి గాలి చాలట్లేదని కైకలూరు వాళ్లు ఒకటే ఫోన్లు. చేతులు వణుకుతున్నా ఆయన ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. మీరయితే ఆయన ఏమీ అనరు."

పెరట్లో చుట్టాలున్నారు. నలుగురి కళ్ల ముందు నాకు పని సాగదు. షెడ్డులోకెళ్లి తలుపు వేసుకున్నాను. పెట్టెలో వైర్లు బిగించేసి ఉన్నాయి. ఇంకొక్క బెజ్జమే పెట్టాల్సి ఉంది. రంపం దగ్గరగా ఉంది, చెయ్యి దాని మీదకే పోయింది. "ఏవయ్యా" అన్నట్టు వినపడింది. రంపం పెట్టేసి పంచ్ తీసుకున్నాను. ముక్క పడింది. ఆకురాయి పెట్టి, ఫ్యాను ఆపి, దూది తిప్పాను. నున్నగా ఉంది.

ఆయన పెట్టిన బెజ్జాలు చూడనక్కర్లేదు. అయినా చెయ్యి ఊరుకోక తిప్పాను. ఆఖరి దాని దగ్గర దూది ఆగింది.

ఇది రాయనా వద్దా అని చాలా ఆలోచించాను. ఆయన్ని తక్కువ చెయ్యడానికి కాదు. మనలాంటి చెయ్యే అని ఆయనే అన్నారు. ఆ అంచు నేనే నున్న చేశాను. ఆ బోర్డు ఇప్పుడు కైకలూరు అవతల గట్టు మీద పనిచేస్తోంది. దాన్ని ఎవరు తడిచేత్తో ముట్టుకున్నా ఫరవాలేదు.

కానీ ఆ అంచుకి ఆకురాయి పెట్టకముందు కాసేపు అలాగే నిలబడిపోయాను. ఫ్యాను ఆపే ఉంది. తలుపు వేసే ఉంది. ఆ అంచుకి చిక్కుకున్న పోగు మాత్రం, ఎవరో దగ్గరగా వంగి చూస్తూ ఊపిరి వదులుతున్నట్టు, మెల్లగా ఊగుతోంది.